చూడని వైపు

కిందటి వారం మనం జెల్లమ్మను ఐసీయూ అద్దాల తలుపు దగ్గర, అక్క కూతురి ఎదుట వదిలేసి వచ్చాం. "రేపు మీ అమ్మ గొంతులో గొట్టం తీసేస్తామమ్మా, ఇంటికెళ్ళి కంటినిండా నిద్రపో" అని ఆ పిల్లకు మాట ఇచ్చేసింది ఆమె. పిల్ల ఆమె చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. డాక్టరు చేతులనే అనుకుంది పాపం. అవి సొంత పిన్ని చేతులని ఆ పిల్లకు తెలియదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. జెల్లమ్మ అనేది అసలు పేరు కాదు. ఊపిరితిత్తులను స్కాన్ చేయాలంటే ముందు ఒంటికి జెల్ రాయాలి, లేకపోతే తెర మీద బొమ్మ పడదు. ఈమె పొద్దస్తమానం ఆ పనిలోనే ఉంటుంది కాబట్టి తెల్లకోటు జేబు అంచు ఎప్పుడు చూసినా జిగటగా ఉంటుంది. ఐసీయూలో వాళ్ళు ఆమె చాటున పెట్టుకున్న పేరు అది. ఆమెకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది. ఇంటికి పోతే ఆమెను ఏ పేరు పెట్టీ పిలిచేవాళ్ళు లేరు. అందుకని ఆ వెక్కిరింత పేరు కూడా ఆమె చెవికి ఇంపుగానే ఉండేది.

రెండో ముక్క అక్క గురించి. చాలా ఏళ్ళ కిందట వాళ్ళమ్మ కూడా ఇలాగే వెంటిలేటర్ మీద ఉంది. ఇక ఆశ లేదని అక్కడి డాక్టర్లు తేల్చేశారు. "దారిలో ఉన్నానే, నేనొచ్చేదాకా ఆపించకు" అని అక్క ఫోనులో బతిమాలింది. చెల్లెలు ఆగలేదు. అమ్మ అవస్థ కళ్ళారా చూడలేక సరే అనేసింది. అక్క వచ్చేసరికి అమ్మ మొహం మీదికి దుప్పటి లాగేసి ఉంది. ఆ రోజుతో ఇద్దరికీ మాటలు పోయాయి, రాకపోకలు పోయాయి. ఇన్నేళ్ళకు నిమోనియా ముదిరి, ఒంటి మీద స్పృహ లేకుండా, ఆ అక్క తిన్నగా ఈ ఐసీయూలోకే వచ్చి నాలుగో మంచం మీద పడింది. ఇంటిపేర్లు వేరు, ఊళ్ళు వేరు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. సొంతవాళ్ళకు వైద్యం చేయకూడదన్నది ఇక్కడి కట్టుబాటు. చెబితే ఆ మంచం దగ్గరికి రానివ్వరు. అందుకని జెల్లమ్మ నోరు మెదపకుండా మాస్కు కాస్త పైకి లాక్కుని పని చేసుకుపోయింది.

ఇప్పుడు తెల్లారింది. గొట్టం తీస్తామన్న రోజు వచ్చింది.

మత్తు మందు ఆపేసి రెండు రోజులైంది. అక్క కళ్ళు తెరుస్తోంది. చెయ్యి ఎత్తమంటే ఎత్తుతోంది. పొద్దున్నుంచీ యంత్రం సాయం బాగా తగ్గించి, సొంతంగా ఎంత ఊపిరి తీసుకుంటుందో చూస్తున్నారు. పైకి అంతా బాగానే ఉంది. వేలికి తగిలించిన క్లిప్పు మంచి అంకె చూపిస్తోంది, నాడి నిమ్మళంగా కొట్టుకుంటోంది. ఇక మిగిలింది ఊపిరితిత్తుల స్కాన్ ఒక్కటే. సాయం తగ్గించాక కూడా ఊపిరితిత్తులు గాలితో నిండే ఉన్నాయా, లేక మెల్లగా నీరు పడుతోందా అన్నది బయటి అంకెల కంటే ముందు ఆ తెర మీదే తెలుస్తుంది.

జెల్లమ్మ ట్రాలీ తోసుకుంటూ మంచం దగ్గరికి వచ్చింది. తెర వెలిగించి, చేత్తో పట్టుకుని ఒంటికి ఆనించే ప్రోబుకు జెల్ రాసి, అక్క పక్కటెముకల మధ్య సందులో ఆనించింది. చలికి అక్క ఒళ్ళు చిన్నగా జలదరించింది.

"చల్లగా ఉంటుందమ్మా, కొంచెం ఓర్చుకోండి," అంది గొంతు మార్చి. ప్రతి రోగితోనూ అనే మాటే అది. తోడబుట్టినదాన్ని 'అండీ' అనవలసి వచ్చినందుకు ఆమెకు నాలుక మడత పడినట్టయింది.

తెర మీద పైన ఒక తెల్లటి గీత. ఊపిరితో పాటు అది అటూ ఇటూ జారుతోంది. దాని కింద సమానమైన దూరంలో మసక అడ్డగీతలు. గాలి నిండిన ఊపిరితిత్తి అలాగే ఉంటుంది, చూడ్డానికి ఏమీ లేనట్టు. నీరు పడితే ఆ గీత నుంచి కిందికి తెల్లటి చారలు దిగుతాయి. ఇంకా చెడితే గాలే లేక ఊపిరితిత్తి ముద్దకట్టి, కాలేయం ముక్కలా కనిపిస్తుంది. ముందు, పక్క, వెనక, రెండు వైపులా చూసి, ఒక్కో చోటుకు సున్నా మొదలు మూడు దాకా మార్కులు వేస్తారు. బడి మార్కులకు ఇది తలకిందులు. ఎంత తక్కువ వస్తే అంత గట్టివాడన్నమాట.

ముందు రెండు వైపులా సున్నా. జెల్లమ్మ గుండె కుదుటపడింది. పక్కలకు జరిపింది. అక్కడక్కడా చారలు, అయినా పరవాలేదు, ఒకటి వేయొచ్చు. ఇక వెనక మిగిలింది. ప్రోబును పరుపుకు, ఒంటికి మధ్య ఎంత దూరం పోతే అంత దూరం దోపింది. సగం వరకు పోయి ఆగిపోయింది. తెర నల్లబడింది. చూసినంత వరకు చూసి, చూడనిదానికి కూడా ఒకటి వేసేసింది.

ఇది ఆమె కొత్తగా చేసిన పని కాదు. రెండు రోజులుగా ఇదే వరస. వెల్లకిలా పడుకున్న మనిషికి ఛాతీ ముందు భాగం ఎప్పుడూ శుభ్రంగానే ఉంటుంది. నీరు, కఫం, చెడు అంతా బరువుకు వీపు వైపే దిగుతుంది. కాబట్టి వెనక చూడకుండా వేసిన మార్కులు మార్కులే కావని వచ్చిన ప్రతి కొత్త డాక్టరుకూ చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది ఈమే. ఒకసారి చూసిన కన్ను వరసగా రెండోసారి చూడకూడదు, పాత మార్కులు రెండో కన్నుకు ముందే చెప్పకూడదు, కన్ను తను కోరుకున్నదే చూస్తుంది అని ఐసీయూ పెద్దసారుతో పోట్లాడి రూలు పెట్టించింది కూడా ఈమే. ఆ రూలు తప్పించుకోవడానికి ఈ మధ్య ఎవరు అడిగినా వాళ్ళ డ్యూటీ నెత్తిన వేసుకుని, అక్క మంచం దగ్గరికి వేరే కన్ను రాకుండా చూసుకుంది. ఒకరికి నడుం నొప్పి, ఒకరి ఇంట్లో పెళ్ళిచూపులు. అందరూ ఆమెను దేవత అన్నారు. దేవతకు నాలుగో మంచం మీద కన్ను ఉందని ఎవరూ కనిపెట్టలేదు.

వెనక ఎందుకు చూడలేదో ఆమెకు తెలుసు. గొంతులో గొట్టం ఉన్న మనిషిని పక్కకు తిప్పాలంటే ఒకరు తలా గొట్టమూ పట్టుకోవాలి, ఒకరు భుజమూ నడుమూ పట్టి తమ వైపుకు లాక్కుని అదిమి ఉంచాలి, మూడో మనిషి వీపు మీద ప్రోబు పెట్టాలి. ఎవరు లాక్కుంటే రోగి మొహం వాళ్ళ గుండెల మీదికి వస్తుంది. ఎవరు స్కాన్ చేస్తే వాళ్ళు, బొమ్మ పడ్డాక తిరిగి వచ్చి రోగి కళ్ళలోకి చూసి అయిపోయిందమ్మా అనాలి. అక్క కళ్ళు మూసుకుని ఉన్నంత కాలం జెల్లమ్మ దర్జాగా వీపు చూసింది. కళ్ళు తెరిచిన రోజు నుంచి ఆ పని మానేసింది. వెల్లకిలా ఉన్న మనిషి పైకప్పు చూస్తూ ఉంటుంది, పక్కన నిలబడ్డవాళ్ళ మొహం అంతగా చూడదు. ఆ కాస్త దూరమే ఆమెకు కావలసి వచ్చింది.

"ఏమంటోంది మీ తెర?"

వెనక నుంచి వచ్చిన గొంతుకు ఆమె ఉలిక్కిపడింది. ఐసీయూ పెద్ద ఆయన. అందరూ పెద్దసారు అంటారు. సన్నగా, పొడుగ్గా ఉంటారు, నవ్వరు. నవ్వు రావలసిన మాటలు మాత్రం మొహం కదపకుండా అనేస్తారు.

"బాగుందండీ," అంది జెల్లమ్మ. "ముందంతా సున్నా. పక్కల ఒకటి. వెనకా ఒకటే."

"అయితే తీసేద్దామంటారు."

"తీసేద్దామండీ."

"మంచిమాట." ఆయన వచ్చి మంచం కాళ్ళ వైపు నిలబడి అక్కను కాసేపు చూశారు. అక్క మెడ దగ్గర గుంట ఊపిరి తీసినప్పుడల్లా కొద్దిగా లోపలికి పోతోంది. "వెనక ఎప్పుడు చూశారు?"

"పొద్దున్నేనండీ. మీరు రాకముందు."

"ఎవరు పట్టుకున్నారు?"

ఆయన గద్దించలేదు, ఏదో మంచినీళ్ళు అడిగినట్టే అడిగారు. ఆమె ప్రోబు తుడవడం మొదలుపెట్టింది. ఆయన మందుల పంపు సరిచేస్తున్న నర్సు వైపు తిరిగారు.

"మీరు పట్టుకున్నారా అమ్మా?"

"లేదు సార్. నన్ను పిలవలేదు."

"నిన్న?"

"నిన్న కూడా మేడమే ఒక్కరూ చూసుకున్నారు సార్."

పెద్దసారు చేతులు వెనక్కి కట్టుకున్నారు. "ఒక చేత్తో గొట్టం పట్టుకుని, రెండో చేత్తో మనిషిని తిప్పి, మూడో చేత్తో ప్రోబు పెట్టారన్నమాట. నాకు చెప్పకుండా మూడో చెయ్యి ఎప్పుడు మొలిపించుకున్నారు డాక్టరమ్మా?"

నర్సు తల వంచుకుని నవ్వు ఆపుకుంది. జెల్లమ్మకు తల కొట్టేసినట్టయింది.

"తిప్పండి," అన్నారాయన చేతులకు తొడుగులు వేసుకుంటూ. "నేను చూస్తాను. మీ మార్కులు నాకు ముందే చెప్పేశారు, అదీ మీ రూలుకు విరుద్ధమే. సర్లెండి. నర్సమ్మా, మీరు తల పట్టుకోండి. డాక్టరమ్మ పేషెంటును పట్టుకుంటారు."

"ఇంకెవరినైనా పిలుస్తానండీ. నేను..."

"మీరున్నారుగా."

తప్పించుకునే దారి లేదు. జెల్లమ్మ మంచానికి అవతలి వైపు వెళ్ళింది. నర్సు ఒక చేత్తో గొట్టం, ఒక చేత్తో మెడ కింద పట్టుకుని "ఊఁ" అంది. జెల్లమ్మ వంగి అక్క భుజం ఒక చేత్తో, నడుము ఒక చేత్తో పట్టుకుని తన వైపుకు లాగింది. అంత తేలిగ్గా వస్తుందని అనుకోలేదు. ఒకప్పుడు తనను చంకనెత్తుకుని ఊరంతా తిప్పిన మనిషి. ఇప్పుడు భుజం ఎముక చేతికి గుచ్చుకుంటోంది. అక్క మొహం వచ్చి ఆమె కోటుకు ఆనుకుంది. నుదురు వేడిగా ఉంది. జుట్టులోంచి ఆసుపత్రి సబ్బు వాసన, దాని అడుగున ఎక్కడో అక్క వాసన వచ్చాయి. ఈ వాసన తనకు ఇంకా గుర్తుందని కూడా జెల్లమ్మకు తెలియదు.

ఆమె ఇన్నేళ్ళలో ఎన్ని వందల మందిని ముట్టుకుందో లెక్క లేదు. అందరినీ జెల్ రాసి, ప్రోబు ఆనించి, తుడిచేసి వచ్చేసింది. ఒక మనిషిని రెండు చేతులా పొదివి పట్టుకుని ఎంత కాలమైందో తలుచుకుంటే ఆమెకే భయం వేసింది.

అక్క కళ్ళు తెరిచింది. పెద్ద పెద్ద కళ్ళు, చుట్టూ నల్లటి వలయాలు. మాస్కుకూ టోపీకీ మధ్య ఉన్న ఆ బెత్తెడు మొహాన్ని చూసింది. రెప్ప వేయకుండా చూసింది. జెల్లమ్మ చూపు తిప్పుకోవాలనుకుంది, తిప్పుకోలేకపోయింది. అక్క చెయ్యి మెల్లగా లేచి కోటు అంచును పిడికిట్లో పట్టుకుంది. గొట్టం ఉన్నవాళ్ళు చేతికేది దొరికితే అది పట్టుకుంటారు, దుప్పటి అయినా పట్టుకుంటారు, మంచం కమ్మీ అయినా పట్టుకుంటారు. ఆ సంగతి ఆమె బంధువులకు ఎన్నోసార్లు చెప్పింది. ఇప్పుడు తనకు తానే చెప్పుకుంది. అక్క కంటి కొస నుంచి నీళ్ళు కారి కోటు మీద పడ్డాయి. పక్కకు తిప్పితే అందరికీ కారతాయని అది కూడా చెప్పుకుంది.

"డాక్టరమ్మా, ఇటు చూడండి," అన్నారు పెద్దసారు.

ఆమె అక్క భుజం మీదుగా తల ఎత్తి తెర చూసింది. కుడివైపు వెనక అడుగున ఊపిరితిత్తి ముద్దకట్టి ఉంది, అచ్చం కాలేయంలా. మధ్యలో చిక్కుకుపోయిన గాలి తెల్లటి చుక్కలుగా కనిపిస్తోంది. ఊపిరి తీసినా విడిచినా ఆ చుక్కలు కదలడం లేదు. అంటే దారిలో కఫం అడ్డుపడి ఆ భాగానికి గాలే అందడం లేదు. దాని చుట్టూ సన్నటి నీటి పొర. ఆయన ప్రోబును ఎడమ వీపు మీదికి మార్చారు. తెల్లటి చారలు ఒకదానితో ఒకటి కలిసిపోయి దిగుతున్నాయి.

"మీరే చెప్పండి. కుడి వెనక ఎంత?"

"మూడు."

"ఎడమ?"

"రెండండీ."

"మీరు రెంటికీ ఒకటి వేశారు."

ఇప్పుడు గొట్టం తీసేస్తే ఏం జరిగేదో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. మొదట్లో బాగానే ఉంటుంది, కూతురు వచ్చి చూసి సంబరపడుతుంది. కాసేపటికి ఆయాసం మొదలవుతుంది, మెడ కండరాలు తీగల్లా లేస్తాయి, చెమటలు పడతాయి. అప్పుడు హడావుడిగా మళ్ళీ గొట్టం వేయాలి. అలా రెండోసారి వేయించుకున్నవాళ్ళలో చాలామంది ఇంటికి వెళ్ళరు.

"యంత్రం సాయం మళ్ళీ పెంచండి," అన్నారు పెద్దసారు నర్సుతో. "కుడివైపు పైకి వచ్చేలా పడుకోబెట్టి, ఆ కఫం లాగించే ఏర్పాటు చూడండి. కెమెరా గొట్టం వేసి నేనే చూస్తాను. ఇవాళ తీయడం లేదు." తొడుగులు విప్పి బుట్టలో పడేశారు. "డాక్టరమ్మా, ఒకసారి నా గదిలోకి రండి."

రావాలంటే ముందు పట్టుకున్నది వదలాలి. జెల్లమ్మ అక్క పిడికిట్లోంచి కోటు అంచును ఒక్కో వేలూ విప్పి తీసుకుంది.

పెద్దసారు గది అంటే ఒక బల్ల, రెండు కుర్చీలు, చెయ్యి కడుక్కునే తొట్టి. కిటికీ బయట ఆసుపత్రి దుప్పట్లు ఆరేసి ఉన్నాయి. ఆయన తలుపు వేసి కూర్చున్నారు. ఆమెను కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు.

"పొరపాటున ఎక్కువ తక్కువ వేస్తే నేను ఇలా పిలవను," అన్నారాయన. "అది అందరికీ అవుతుంది. మీరు చూడకుండా వేశారు. ఈ పని వేరే ఎవరైనా చేసి ఉంటే మీరు ఒంటికాలి మీద లేచి ఉండేవారు. ఏమైంది మీకు?"

"ఆమె మా అక్కండీ."

బయట ఎవరో ట్రాలీ తోసుకుంటూ పోయారు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

"సొంత అక్కా?"

"ఒక తల్లి పిల్లలం."

"మొదటి రోజు నుంచీ తెలుసా?"

"అంబులెన్సులోంచి దింపినప్పుడే తెలుసు."

"మరి వెనక ఎందుకు చూడలేదు? సొంత మనిషైతే ఇంకా పదిసార్లు చూస్తారు గదా ఎవరైనా."

"తిప్పితే నా మొహం చూస్తుందండీ." జెల్లమ్మ కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తి, చేతికి జెల్ ఉందని చూసుకుని దించేసింది. "నన్ను గుర్తుపడితే మొహం తిప్పుకుంటుందని భయం వేసింది. గొట్టం తీసేస్తే వార్డుకు పంపేస్తారు, నా కంట పడకుండా నయమై పోతుంది అనుకున్నాను. బాగుందనే అనుకోవాలనిపించింది. అనుకుని వేసేశాను."

ఆమె అమ్మ సంగతి కూడా చెప్పింది. ఆగమంటే ఆగని సంగతి, దుప్పటి సంగతి, "నేనొచ్చేదాకా ఒక్క పూట ఉంచలేకపోయావా" అని అక్క అన్న మాట. చెబుతుంటే అదంతా నిన్ననో మొన్ననో జరిగినట్టే ఉంది ఆమెకు. పెద్దసారు అంతా విని, లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నారు. తుడుచుకుంటూ ఇటు తిరిగారు.

"మీ అమ్మగారి విషయంలో మీరు చేసింది తప్పో ఒప్పో నేను చెప్పను. నాకు తెలియదు. ఇవాళ మీరు చేసింది మాత్రం నాకు తెలుసు. అప్పుడు తొందరపడి ఆపించేశారు, ఇప్పుడు తొందరపడి తీయించబోయారు. రెండుసార్లూ చూడలేకే."

ఆ మాట ఆమెకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. ఆమె గోడకు ఆనుకుంది.

"ఈ క్షణం నుంచి మీరు నాలుగో మంచానికి డాక్టరు కాదు," అన్నారాయన. గొంతు కాస్త తగ్గించారు. "ఆమె దగ్గర ప్రోబు పట్టుకోవద్దు, మందులు మార్చొద్దు, తెర చూడొద్దు. మిగతా మంచాల సంగతి రేపు మాట్లాడదాం."

"మరి నేను ఆమెను చూడాలంటే ఎలాగండీ?"

"అందరూ ఎలా చూస్తారో అలాగే. సాయంత్రం బంధువులను పంపుతారు. వరసలో నిలబడి రండి."

సాయంత్రం వరకు ఆమె ఏం చేసిందో ఆమెనే అడిగినా సరిగ్గా చెప్పలేకపోవచ్చు. కోటు విప్పి తాళం వేసే అరలో పెట్టింది. క్యాంటీన్‌లో టీ తెచ్చుకుని, అది చల్లారేదాకా దాని ముందు కూర్చుంది. తెలిసిన డాక్టర్లు ఇద్దరు పలకరించి వెళ్ళారు. అక్కకు కఫం లాగారా, ఆ ముద్దకట్టిన చోటు విచ్చుకుందా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగే హక్కు పోయింది కాబట్టి అడగలేదు. ఇంటికి ఫోన్ చేసి చెప్పుకుందామంటే ఆ ఇంట్లో ఫోను ఎత్తే మనిషి లేదు.

వేళ కాగానే లేచి ఐసీయూ బయట వరసలోకి వెళ్ళింది. ఇన్నేళ్ళూ ఈ అద్దాల తలుపును ఆమె లోపలి నుంచే తెరిచింది. బయటి వైపు బెంచీలు ఇంత ఇరుకని, గోడకు తలలు ఆనించి ఆనించి ఒక జిడ్డు చార పడిందని ఆమెకు ఇవాళే తెలిసింది. సంచులు ఒళ్ళో పెట్టుకున్నవాళ్ళు, నిలబడే కునుకు తీసేవాళ్ళు. ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అందరూ ఒక్కసారే మొహాలెత్తి, మళ్ళీ దించేస్తున్నారు.

తలుపు దగ్గర కాపలా మనిషి ఆమెను చూసి స్టూలు మీంచి లేచాడు. "ఇటొచ్చారేంటి మేడమ్? ఇది బంధువుల లైను. మీరు అటునుంచి వెళ్ళండి."

"పరవాలేదు. ఇక్కడే ఉంటాను."

అతను అర్థం కాక తల గోక్కుని ఊరుకున్నాడు. అంతలో వరస ముందు నుంచి అక్క కూతురు ఆమెను చూసింది. బట్టల కొట్టులో కౌంటరు దగ్గర పనిచేసే పిల్ల, అక్కడి నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కొట్టు పేరున్న తాడు ఇంకా వేలాడుతోంది. వరస వదిలేసి పరుగులాంటి నడకతో వచ్చింది.

"డాక్టర్ గారూ, అమ్మ మాట్లాడుతోందా? గొంతు నొప్పిగా ఉంటుందేమో కదా, మొదట్లో ఎక్కువ మాట్లాడించకూడదేమో కదా?"

ఆ పిల్ల కళ్ళలో వెలుగు చూసి జెల్లమ్మ మాస్కు సరిచేసుకుంది. ఈ పిల్లనే ఒకప్పుడు తను భుజాన వేసుకుని జోకొట్టింది.

"గొట్టం తీయలేదమ్మా."

"ఎందుకు? ఇవాళ తీస్తామన్నారుగా?"

"వీపు వైపు ఊపిరితిత్తులు ఇంకా బాగుపడలేదు. తీసి ఉంటే ప్రమాదమయ్యేది. పెద్దసారు చూసి ఆపారు."

"మీరు చూశారుగా నిన్న? బాగుందన్నారుగా?"

అబద్ధం ఆడటానికి బోలెడు దారులున్నాయి. రాత్రికి రాత్రి మారిపోయిందనవచ్చు. యంత్రం మీద నెట్టేయవచ్చు. ఆ పిల్ల నమ్మేస్తుంది కూడా.

"చూడలేదమ్మా. ముందు వైపు చూసి వెనక కూడా బాగుందని చెప్పాను. తప్పు నాదే."

పిల్ల మొహంలో వెలుగు ఒక్కసారిగా పోలేదు. అర్థమైన కొద్దీ మెల్లమెల్లగా పోయింది. "చూడకుండా చెప్పారా?" అంది. గొంతు పెంచలేదు. "మీ చేతులు పట్టుకుని దణ్ణం పెట్టాను నేను. ఇల్లంతా సర్దాను. అమ్మ మంచం కిటికీ పక్కకు జరిపాను."

జెల్లమ్మ పడవలసిన మాటలే అని పడింది. వరసలో ఉన్నవాళ్ళు వింటున్నా లెక్క చేయలేదు.

"నాలుగో మంచం వాళ్ళు," అని పిలిచాడు కాపలా మనిషి.

పిల్ల కళ్ళు తుడుచుకుని ముందుకు నడిచింది. వెనకే జెల్లమ్మ నడిచింది. అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఒక్కరే అమ్మా. ఈ అమ్మాయి కూతురు, రోజూ వస్తుంది. మేడమ్, మీరు డ్యూటీ మీద వెళ్ళాలంటే..."

"డ్యూటీ కాదయ్యా. నేనూ చూడ్డానికే వచ్చాను."

"అయితే అడగాలి మేడమ్, ఏమనుకోకండి. పేషెంటుకు ఏమవుతారు?"

రోజూ వందమందిని అడిగే ప్రశ్న. అతను దాన్ని మొహమాటంగా, నేల చూస్తూ అడిగాడు. జెల్లమ్మ మాస్కు కిందికి లాగేసింది. ఎన్నో ఏళ్ళుగా నోట పలకని మాట, ఎలా పలకాలో మరిచిపోయానేమో అనుకుంది. చక్కగానే వచ్చింది.

"చెల్లెల్ని."

తలుపు మీద చెయ్యి వేసిన పిల్ల ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆమె మొహాన్ని మాస్కు లేకుండా మొదటిసారి చూసింది. కనుబొమ్మలు, ముక్కు, గడ్డం, ఒక్కొక్కటీ చూసింది. చూస్తూ చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసి, తలుపుకూ ఆమెకూ మధ్య నిలబడింది.

"మా అమ్మకు ఒక్కతే చెల్లెలు," అంది. "అమ్మమ్మ పోయిన రోజే ఆవిడ కూడా పోయిందని చెప్పింది అమ్మ. మీరెవరండీ?"